పాత పడవకు కొత్త పలక

యేసు ప్రభువు గలిలయ సముద్ర తీరాన యాకోబు, యోహానులను పిలిచినప్పుడు ఆ అన్నదమ్ములు ఏమి చేస్తున్నారో మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. తండ్రి జెబెదయితో కలిసి పడవలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు (మత్తయి 4:21). సండే స్కూలు రోజుల నుండి ఈ సంగతి నేను ఎన్నోసార్లు విన్నాను. వారు వలలు, పడవ, తండ్రిని విడిచి ప్రభువును వెంబడించిన విషయం మీదనే ప్రసంగాలన్నీ సాగేవి. బాగుచేసుకోవడం గురించి ఎవరైనా చెప్పగా నేను వినలేదు. ఆ పాఠం మా నాన్నగారి పాత పడవ దగ్గర, చేతులకు తారు అంటించుకుని, మా తమ్ముడి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ప్రియ చదువరులారా, ఆ వేసవి సంగతులు మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పడవ ఉన్నవారికి పడవ పనికి, లేనివారికి ఇంటి పనికి ఇవి ఉపయోగపడతాయని నా ఆశ.

నాన్నగారి పడవ

మాది నరసాపురానికి దిగువన, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఒక చిన్న పల్లె. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలుతుంది. అందులో వశిష్ఠ పాయ మా పల్లె మీదుగా పారి అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. సముద్రపు పోటు మా రేవు దాకా వస్తుంది. అందుచేత వేసవిలో మా ఏటి నీరు ఉప్పన, వరదల్లో తియ్యన.

పడవ పని మా ప్రాంతానికి కొత్త కాదు. 17వ శతాబ్దంలో నరసాపురం, దాని పక్కనున్న మాధవాయిపాలెం ఓడల నిర్మాణానికి పేరు పొందాయి. ఇంగ్లీషు వర్తకులు సయితం ఇక్కడ ఓడలు కట్టించుకునేవారు, దెబ్బతిన్నవాటిని బాగుచేయించుకునేవారు. అంత పెద్ద పని ఇప్పుడు లేదు గాని, చెక్క చూసి దాని వయసు చెప్పగల మేస్త్రీలు ఇంకా అక్కడొకరు ఇక్కడొకరు ఉన్నారు.

నేను ఐదో తరగతి చదివే ఏడు నాన్నగారు ఆ పడవను పాతదిగానే కొన్నారు. ఇరవై అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు. పలకలు టేకువి. లోపల పక్కటెముకల్లా ఉండే వంపు కర్రలు నల్లతుమ్మవి. ఇంజను లేదు. లోతు తక్కువైన చోట గెడ, లోతైన చోట తెడ్లు, గాలి కలిసివస్తే చిన్న తెరచాప. ఆ పడవ మీద వచ్చిన కష్టార్జితంతోనే మా ముగ్గురి చదువులు, చెల్లి పెళ్లి జరిగాయి.

మా ఏట్లో ఏడాది పొడుగునా ఏదో ఒకటి దొరుకుతుంది. పండుగప్ప, జెల్లలు, రొయ్యలు, పీతలు. జూలైలో ఎర్రనీరు దిగినప్పుడు మాత్రం అందరి చూపూ పులస మీదే. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. గుడ్లు పెట్టడానికి వరద నీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వచ్చాక పులస. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయ్యాక దాని ప్రయాణం అక్కడితో ఆగిపోయింది. పుస్తెలమ్మి అయినా పులస తినాలని మా గోదావరి జిల్లాల్లో ఊరికే అనలేదు. పులస పడితే నాన్నగారు ఇంట్లో వండించేవారు కాదు. అమ్మేసి, ఆ డబ్బులో దేవుని భాగం మొదట తీసి పక్కన పెట్టేవారు. ఏటా మొదటి రోజు వలలో పడిన చేపల్లో మాత్రం ఒక పాలు, అది ఏ చేపైనా సరే, మందిరం వెనుక ఉండే ముసలమ్మగారింటికి వెళ్లేది.

నేను చెప్పని మాట

నాన్నగారు ప్రభువు నందు నిద్రించిన తరువాత పడవ తమ్ముడి చేతికి వచ్చింది. నేను పట్నంలో గుమాస్తా పనిలో స్థిరపడ్డాను. పండుగలకు ఊరు వెళ్లి రావడమే.

నాలుగేళ్లు గడిచాక తమ్ముడు ఒకనాడు నా దగ్గరకు వచ్చాడు. పడవ బాగా పాతబడిందనీ, ఒక చేపల వ్యాపారి ఇంజనుతో సహా కొత్త ఫైబర్ పడవకు డబ్బు అడ్వాన్సుగా ఇస్తానన్నాడనీ చెప్పాడు. ఇల్లు కాగితం పెట్టాలి. బాకీ తీరేదాకా పడిన చేప ప్రతిదీ ఆ వ్యాపారికే, అతను చెప్పిన ధరకే ఇవ్వాలి. అప్పు చేసినవాడు అప్పిచ్చినవాడికి దాసుడని సామెతల గ్రంథం చెప్పింది (సామెతలు 22:7). మా తీరంలో ఆ మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు. పదేళ్లయినా బాకీ తీరక, తన చేపకు తాను ధర చెప్పుకోలేని కుటుంబాలు ప్రతి పల్లెలో కనబడతాయి.

నేను కాగితం మీద సంతకం పెట్టనన్నాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను. కాని దానితోపాటు మరొక మాట అన్నాను. "పడవకేమైంది రా? తారు కొట్టించు, ఇంకో ఐదేళ్లు వస్తుంది" అని తారుకు సరిపడా డబ్బు చేతిలో పెట్టి పంపించాను. నిజానికి ఆ సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు నేనే ఆ పడవ ఎక్కాను. వెనుక భాగంలో ఒక పలక కాలి కింద మెత్తగా దిగినట్టు అనిపించింది. చెబితే ఖర్చు నా మీద పడుతుందని చెప్పలేదు. తమ్ముడు నా డబ్బు తీసుకుని, తారు కొట్టించి, నాతో మాట్లాడటం మానేశాడు. రెండేళ్లు మా మాటలన్నీ అమ్మ ద్వారానే నడిచాయి.

ఆ రెండో ఏడు ఆగస్టు నెలలో, వరద తీసిన తరువాత ఒక సాయంత్రం తమ్ముడు తన కొడుకును వెంటబెట్టుకుని వేటకు వెళ్లాడు. వాడికి అప్పుడు పన్నెండేళ్లు. నడి ఏట్లో వల లాగుతుండగా తమ్ముడి కాలి కింద, నాకు మెత్తగా తగిలిన ఆ పలకే విరిగింది. నీళ్లు బుగ్గలా పైకి లేచాయి. తమ్ముడు వల వదిలేసి, తువ్వాలు చుట్టి కన్నంలో కుక్కి, దాని మీద మోకాలు వేసి కూర్చున్నాడు. పిల్లవాడు అన్నం క్యారేజీ గిన్నెతో నీళ్లు తోడిపోశాడు. లైఫ్ జాకెట్లు లేవు. చీకటి పడుతోంది. ఎదుటి లంక నుండి వస్తున్న మరొక పడవవారు కేక విని చుక్కాని తిప్పబట్టి ఇద్దరూ బ్రతికారు. వల పోయింది.

రాత్రి అమ్మ ఫోను చేసింది. జరిగింది చెప్పి, "నాన్న పడవ వాళ్లను ముంచలేదు బాబూ. మీ పంతాలే ముంచబోయాయి" అని మాత్రం అంది. నేను ఆ పలక సంగతి అప్పుడు కూడా చెప్పలేకపోయాను.

ఒకే మాటకు రెండు పనులు

నా మనస్సు కుదుటపడక మా పాస్టరుగారి దగ్గరకు వెళ్లి అంతా ఒప్పుకున్నాను. ఆయన నన్ను గద్దించలేదు. బైబిలు తెరిచి రెండు చోట్ల వేలు పెట్టారు. ఒకటి జెబెదయి కుమారులు వలలు బాగుచేసుకుంటున్న చోటు. రెండవది గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం మొదటి వచనం. ఒకడు తప్పులో చిక్కుకుంటే ఆత్మసంబంధులు వాడిని సాత్వికంతో మంచి దారికి తీసుకురావాలని పౌలు అక్కడ చెప్పాడు. "గ్రీకు భాషలో ఈ రెండు చోట్లా ఉన్నది ఒకే క్రియ. కటార్టిజో. వల కుట్టుకోవడానికీ, మనిషిని తిరిగి నిలబెట్టడానికీ పరిశుద్ధాత్మ దేవుడు ఒకే మాట వాడించాడు. నువ్వు పడవ బాగుచేయడానికి వెళ్లు. అక్కడ రెండో పని కూడా కనబడుతుంది" అన్నారు.

ఏప్రిల్ నెలలో సెలవు పెట్టి ఊరు వెళ్లాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట, ఇంజను పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ ఏర్పాటు. ఆ రోజుల్లో బోట్లన్నీ ఒడ్డుకు చేరతాయి. గట్టు పొడుగునా సుత్తి చప్పుళ్లు, తారు వాసన. మేస్త్రీలకు ఊపిరి సలపని పని. ఒక వృద్ధ మేస్త్రిగారిని అమ్మ ముందుగానే మాట్లాడి ఉంచింది. తమ్ముడు నన్ను చూసి, "వచ్చావా అన్నయ్యా" అన్నాడు. రెండేళ్ల తరువాత నాతో అన్న మొదటి మాట అదే.

తారు గీకితే కనబడినది

మొదట పడవను దుంగల మీద బోర్లించి, పైన తాటాకు కప్పి మూడు వారాలు ఆరనిచ్చాం. ఎండలో నేరుగా పెట్టవద్దని మేస్త్రిగారు గట్టిగా చెప్పారు. తడి చెక్క ఒక్కసారిగా ఎండితే పలకలు నెర్రెలిస్తాయి.

తరువాత తారు గీకాం. అది నాలుగు రోజుల పని. నేను డబ్బు పంపి కొట్టించిన తారే అన్నింటికన్నా మందంగా ఉంది. అది ఊడిన చోట చెక్క గోధుమరంగు పొడిగా రాలింది. మేస్త్రిగారు చిన్న చెక్క సుత్తితో పడవ ఒక కొస నుండి మరొక కొస దాకా కొట్టుకుంటూ వెళ్లారు. మంచి చెక్క ఖంగుమంటుంది. పుచ్చినది బొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట బాడిసెను పక్కన పెట్టి, సన్నని ఊచతో పొడిచి చూసేవారు. దిగితే సుద్దముక్కతో గీత.

"చూశారా బాబూ, తారు మంచిదే. మంచి చెక్క మీద వేస్తే కాపాడుతుంది. పుచ్చు మీద వేస్తే దాస్తుంది. లోపల తడి బయటకు రానీక ఇంకా తొందరగా తినేస్తుంది" అన్నారాయన.

ఆయన వివరించిన మరొక సంగతి నాకు ఆశ్చర్యం కలిగించింది. చెక్క పడవను పాడుచేసేది ఉప్పునీరు అనుకుంటాం. పుచ్చు విషయంలో ఉప్పునీటి కన్నా లోపల నిలిచే వాననీరే ఎక్కువ చెరుపు. పలకలు వంపు కర్రలను కలుసుకునే మూలల్లో, మేకుల చుట్టూ ఆ నీరు చేరి పుచ్చు మొదలవుతుంది. ఉప్పునీటిలో వేరొక శత్రువు ఉంది. చెక్కను తొలిచే నీటి పురుగు. చూడటానికి పురుగులా ఉన్నా అది నిజానికి నత్తగుల్లల జాతికి చెందిన జీవి. పైన సూదిమొనంత కన్నమే కనబడుతుంది. లోపల పలక అంతా సొరంగాలై ఉంటుంది. పడవను ఒడ్డుకు లాగి బాగా ఆరబెట్టినా, కొంతకాలం మంచినీటిలో ఉంచినా ఆ జీవి చస్తుంది. నాన్నగారు ప్రతి వేసవిలో పడవను ఒడ్డుకు ఎందుకు లాగేవారో మాకు అప్పుడు తెలిసింది. ఆయన పోయాక మేము ఒక్క ఏడు కూడా లాగలేదు.

సుద్ద గీతలు లెక్కపెడితే మార్చవలసినవి మూడు పలకలు, రెండు వంపు కర్రలు. పడవకు వెన్నెముక వంటి అడుగు దుంగ గట్టిగా ఉంది. అది పుచ్చి ఉంటే పడవను విప్పి కట్టెలకు వేసుకోవడమే మంచిదని మేస్త్రిగారు దాచకుండా చెప్పారు. బాగుచేయదగినది ఏదో, కానిది ఏదో తేల్చుకోవడం కూడా బాగుచేయడంలో భాగమే.

ఆ మూడు పలకల్లో వెనుకది విప్పుతున్నప్పుడు తమ్ముడు నా ఎదురుగానే ఉన్నాడు. ఇక ఆగలేక చెప్పాను. "ఇది మెత్తబడిన సంగతి నాకు తెలుసురా. ఆ సంక్రాంతికే తెలుసు. డబ్బు పోతుందని చెప్పలేదు." తమ్ముడు చేతిలోని ఉలి కింద పెట్టి చాలాసేపు ఏటి వైపు చూశాడు. తరువాత, "నాకూ తెలుసు అన్నయ్యా. నువ్వు ఇచ్చిన తారు డబ్బుల మీద కోపంతో అదే చాలని కొట్టించేశాను. పిల్లాణ్ణి ఎక్కించుకున్నది నేనే కదా" అన్నాడు. ఇద్దరం ఏడ్చాం. మేస్త్రిగారు చుట్ట వెలిగించుకునే మిషతో అవతలికి వెళ్లిపోయారు.

పచ్చి చెక్క తెచ్చిన తంటా

పని త్వరగా అయిపోవాలని నేను పట్నం అడితిలో ఒక పలక కొనుక్కొచ్చాను. రంగు, మందం బాగానే ఉన్నాయి. మేస్త్రిగారు దాన్ని చేతిలో తూచి, "పచ్చిది" అని పక్కన పెట్టేశారు. పచ్చి చెక్క ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. పాత పలకలు కుంచించుకోవడం ఏనాడో అయిపోయింది. రెంటినీ కలిపి మేకులు కొడితే కొత్తది తాను ముడుచుకుంటూ పక్క పలకను కూడా లాగి పగలగొడుతుంది. పాత బట్టకు కొత్త గుడ్డ మాసిక వేస్తే చినుగు మరింత ఎక్కువవుతుందని ప్రభువు చెప్పిన ఉపమానం (మత్తయి 9:16) నా కళ్లకు కట్టింది. చివరకు ఒక పాత ఇంటి ద్వారబంధాల టేకు దొరికింది. ఎన్నో ఏళ్లు ఆరిన చెక్క. దాన్నే కోసి వాడాం.

పుచ్చు ఉన్నంత మేర మాత్రమే కాక, దానికి అటూ ఇటూ మంచి చెక్క తగిలేదాకా కోయాలి. అతుకు వంపు కర్ర మీదికి వచ్చేలా చూసుకోవాలి. పక్కపక్క పలకల అతుకులు ఒకే వరుసలో పడకూడదు. మేకు కొట్టే ముందు సన్నగా కన్నం తొలిస్తే చెక్క చీలదు. జింకు పూత ఉన్న మేకులైతే తొందరగా తుప్పు పట్టవు. పలకల సందుల్లో నూనెలో నానిన నూలు పేలికలు మొద్దు ఉలితో కుక్కి, పైన గుగ్గిలం పొడి, నూనె కలిపి కాచిన ముద్ద పెట్టాం. నూలు మరీ బిగించి కుక్కరాదు. నీటిలో చెక్క ఉబ్బినప్పుడు దానికి కొంత చోటు కావాలి. కట్టకడపట లోపలా బయటా తారు. ఈసారి మంచి చెక్క మీద.

మొత్తం ఖర్చు కొత్త పడవకు అడిగిన సొమ్ములో ఆరో వంతు కూడా కాలేదు. ఇల్లు కాగితం బీరువాలోనే ఉంది.

గలిలయ పడవ కూడా అతుకులదే

ఆ రోజుల్లో సాయంకాలం కుటుంబ ప్రార్థన తరువాత పిల్లలకు ఒక నిజమైన కథ చెప్పేవాణ్ణి. 1986 జనవరిలో, వానలు లేక గలిలయ సముద్రం నీటిమట్టం బాగా తగ్గినప్పుడు, గిన్నోసారు దగ్గర చేపలు పట్టే ఇద్దరు అన్నదమ్ములకు బురదలో ఒక పడవ ఆకారం కనబడింది. పురాతత్వ శాస్త్రజ్ఞులు వచ్చి, నీరు మళ్లీ పెరగకముందే రాత్రింబగళ్లు శ్రమించి దాన్ని వెలికితీశారు. గాలి తగిలితే పొడి అయిపోయేంత మెత్తగా ఉన్న ఆ చెక్కకు నురుగు పూత చుట్టి నీటి మీద తేల్చి ఒడ్డుకు తెచ్చారు. ఏళ్ల తరబడి రసాయనాల తొట్టిలో ఉంచి గట్టిపరిచారు. ఇప్పుడది అక్కడే ఒక ప్రదర్శనశాలలో ఉంది. పొడవు ఎనిమిది మీటర్లకు పైగా, వెడల్పు రెండు మీటర్లకు పైగా. ప్రభువు భూమి మీద సంచరించిన కాలానికి దగ్గర కాలపుదని పరీక్షల్లో తేలింది. ప్రభువు గాని, శిష్యులు గాని అందులో ఎక్కారనడానికి ఏ ఆధారమూ లేదు. మనం అలా చెప్పకూడదు.

నన్ను కదిలించినది వేరే సంగతి. ఆ పడవ ముఖ్యంగా దేవదారు పలకలతో, సింధూర చెక్క వంపు కర్రలతో చేసినది. కాని పరీక్షించి చూస్తే అందులో పది రకాలకు పైగా కలప ఉంది. అంటే దాని యజమాని ఏ చెక్క దొరికితే ఆ చెక్కతో మళ్లీ మళ్లీ అతుకులు వేసుకున్నాడు. వేరే పడవల నుండి తీసిన ముక్కలు కూడా అందులో ఉన్నాయి. చివరికి అది ఇక పనికిరాదని తేలాక, పనికివచ్చే భాగాలు ఊడదీసుకుని మిగిలినది నీటిలో వదిలేశారు. గలిలయ జాలరులు మనలాంటి పేదలే. వారి పడవలు మన పడవల వంటివే.

ఈ కథ విన్న మా తమ్ముడి కొడుకు, "అయితే పెదనాన్నా, మన పడవలో ఎన్ని రకాల చెక్క ఉంది?" అని అడిగి, మర్నాడు పొద్దున్నే లెక్కపెట్టడానికి వెళ్లాడు. నాలుగు రకాలు తేలాయి.

మళ్లీ నీళ్లలోకి

జూన్ చివర పడవను రేవులోకి దించాం. దించిన గంటలోనే అడుగున నీరు! నా గుండె జారిపోయింది. మేస్త్రిగారు నవ్వి, "దాహం తీర్చుకోనివ్వండి" అన్నారు. ఆరిన పలకలు నీరు తాగి ఉబ్బి తమ సందులు తామే మూసుకుంటాయి. లోతు లేని చోట కట్టేసి, నీరు తోడిపోస్తూ రెండు రోజులు ఉంచాం. మూడో రోజు పొద్దున అడుగు పొడిగా ఉంది. బాగుపడిన మనుషులు కూడా అంతే. క్షమాపణ చెప్పుకున్న మర్నాడే అన్ని సందులూ మూసుకోవు. మా అన్నదమ్ముల మధ్య కూడా కొన్నాళ్లు మాట పొడిపొడిగానే ఉండేది. తోడుకుంటూ ఓపిక పట్టాం.

మొదటి వేటకు తమ్ముడు, నేను వెళ్లాం. తెల్లవారుజామున నాలుగు గంటలకు, నాన్నగారిలాగే పడవ ముక్కు మీద చెయ్యి వేసి ప్రార్థన చేసుకున్నాం. బెండ్లు పైకి, సీసపు గుండ్లు కిందికి ఉండేలా వల వదులుతూ పోతే, పోటు నీరు దాన్ని నిలువు గోడలా నిలబెట్టింది. నేను తెడ్డు వేయడం మరచిపోయానని తమ్ముడు రెండు మూడుసార్లు విసుక్కున్నాడు. ఆ విసుగు నాకు ఎంతో సంతోషం కలిగించింది. పరాయివాణ్ణి ఎవరూ విసుక్కోరు కదా.

వల తీస్తే పులస పడలేదు. ఒక మోస్తరు పండుగప్ప, గంపలో పావు వంతు జెల్లలు, కొన్ని రొయ్యలు. అందులో ఒక పాలు మందిరం వెనుకనున్న ముసలమ్మగారింటికి వెళ్లింది. మిగిలినది రేవులో నలుగురి ముందు వేలం వేశాం. ధర మేమే చెప్పాం.

మీ ఇంట్లో పడవ ఉంటే

మా అనుభవంతో కొన్ని మాటలు చెప్పనివ్వండి. ఏడాదికి ఒకసారి పడవను ఒడ్డుకు లాగి ఆరబెట్టండి. వానాకాలంలో వాడకుండా ఉంచేటప్పుడు లోపల నీరు నిలవకుండా బోర్లించండి, లేదా కప్పి ఉంచండి. రంగు గాని తారు గాని కొత్తగా వేసే ముందు పాతది గీకి చెక్కను తట్టి చూడండి.

ఫైబర్ పడవలకు పుచ్చు భయం లేదు. కాని పగుళ్లు వస్తాయి. పగులు మీద ఊరికే రంగు వేయడం పుచ్చు మీద తారు వేయడం వంటిదే. గట్టి పొర తగిలేదాకా పగులును అరగదీసి, తడి పూర్తిగా ఆరనిచ్చి, గాజునార చాపను హార్డెనర్ కలిపిన రెజిన్‌తో పొరలు పొరలుగా అతికించాలి. అరగదీసేటప్పుడు ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఆ పొడి ఊపిరితిత్తులకు హాని.

పడవలో ఎందరు ఎక్కితే అన్ని లైఫ్ జాకెట్లు ఉండాలి. ఈత వచ్చినవాడికి కూడా. నీళ్లు తోడే డబ్బా, అదనపు తెడ్డు, పొడవైన తాడు ఎప్పుడూ పడవలోనే ఉండనివ్వండి. ఏ వైపు వెళుతున్నారో, ఎప్పుడు తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. తాగి పడవ ఎక్కేవాడిని ఎక్కనివ్వకండి, వాడు సొంత అన్న అయినా సరే.

వరద రోజుల్లో ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టం వినండి. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇస్తారు. మొదటి హెచ్చరిక వినగానే మా పడవ గట్టెక్కుతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి ఎందరో ప్రాణాలు కోల్పోయిన సంగతి మన జిల్లాలు మరచిపోలేవు. ఏటి మీద ధైర్యం చూపించే రోజులు వేరు, ఒడ్డున కూర్చుని వల కుట్టుకునే రోజులు వేరు.

చివరిగా ఒక మాట. పడవ అడుగు నీటిలో ఉంటుంది గనుక ఎవరికీ కనబడదు. కనబడే పై భాగానికి మనమందరం రంగులు వేసుకుంటాం. ఆదివారం మందిరానికి తెల్లని బట్టలతో వెళ్లి, అన్నదమ్ముల మధ్య ఉన్న పుచ్చు మీద మర్యాద మాటల తారు పూసుకుని ఏళ్లు గడిపేస్తాం. నడి ఏట్లో అది విరిగినప్పుడు మన పిల్లలు కూడా అదే పడవలో ఉంటారు. మా ఇంట పిల్లవాణ్ణి దేవుడు కాపాడాడు. అందుకు ఆయనకు స్తోత్రం. కాని ఆ సంక్రాంతి నాడే నేను నోరు విప్పి ఉంటే, ఆ బిడ్డ చీకట్లో అన్నం గిన్నెతో నీళ్లు తోడవలసిన అవసరం ఉండేది కాదు.

తమ్ముడితో మాట లేనివారు మీలో ఎవరైనా ఉంటే, ఈ పత్రిక పక్కన పెట్టి వెళ్లండి. గీకవలసినది చాలానే ఉండవచ్చు. కాని అడుగు దుంగ గట్టిగానే ఉండి ఉంటుంది. తట్టి చూడండి.